సిలోను తిరిగొచ్చిన డ్రైవరు

యుద్ధకాలంలో చింతామణి నుంచి బాగేపల్లికి పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో బస్సు నడిపిన ఆ డ్రైవరును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్సు ఆగినప్పుడల్లా వెనక ఉన్న బొగ్గు పొయ్యి రాజేస్తూ, ఒక చెయ్యి చెవికి ఆనించుకుని, సిలోనులో దొరలను కారులో తిప్పిన కథ ఎత్తుకునేవాడు. జలపాతాలట, సముద్రపొడ్డున డేరాలట!

నేను ఉద్యోగంలో చేరవలసిన రోజు కూడా మూడుచోట్ల ఆగాం. కచేరి మూసేస్తారేమోనని నేను కొట్టుకులాడుతుంటే, ఆయన మళ్ళీ జలపాతం దగ్గరే ఉన్నాడు.

"ఆ నీళ్ళు అంత చల్లగుంటాయేమప్పా?" అని కసురుకున్నాను.

"నాకెట్ల తెలుస్తాదప్పా?" అన్నాడు, చెయ్యి చెవి మీద నుంచి తియ్యకుండానే. "దొరలు దిగి పోతే నేను కారుకు కావలి. నీళ్ళ సద్దు మాత్రం రోడ్డు దాకా ఇనపడతాండె."