ఆఖరి కోట చూడని అత్త

పోయిన నెల ఒక ఉదయం ఆమదాలవలస నుంచి మావయ్య ఫోన్ చేసి, "మీ అత్త ఎల్లిపోయిందిరా" అని మాత్రం అన్నాడు. మా మేనత్త. ఆ మాట వినగానే నాకు తట్టిన మొదటి ఆలోచన చెబితే నవ్వుతారేమో. అయ్యో, ఆవిడ ఇక ఆఖరి కోట చూడదు కదా అనుకున్నాను.

అత్తావాళ్ళది బజారులో కిరాణా కొట్టు. మా బావ కోసం కొన్న టీవీ గేమును బావ నెల తిరక్కుండా వదిలేస్తే అత్త పట్టుకుంది. మధ్యాహ్నం మావయ్య భోంచేసి కొట్టుకు వెళ్ళగానే, తడి చేతులు కొంగుకు తుడుచుకుని క్యాసెట్టు పెట్టేది. ఒక బుల్లి మనిషి గోతులు దూకుతూ, కోటలు దాటుతూ పోయే ఆట. అతను దూకినప్పుడల్లా అత్త కూడా మంచం మీద కూర్చునే భుజాలెగరేసేది. ఎన్నిసార్లు పడినా విసుక్కునేది కాదు గాని, పక్కన కూర్చుని సలహా ఇచ్చామా, నెత్తిన మొట్టికాయ ఖాయం.

ఆ గేము పెట్టెలో ఆటను ఆపినచోటే దాచుకునే వీలు లేదు, ఆగితే మళ్ళీ మొదటికే. ఆఖరి కోట దరిదాపులకు వచ్చేసరికి కరెంటు పోయేది. మా వైపు వేసవి మధ్యాహ్నాల సంగతి తెలిసిందే. "ఆట మనది గాని కరెంటు మనది కాదురా" అంటూ లేచి, చింతపండు పిక్కలు తీసుకుంటూ కూర్చునేది.

తర్వాత పెట్టె పాడైంది. కొత్త టీవీకి పాత పిన్నులు పట్టలేదు. చాలా ఏళ్ళు అత్త ఆట లేకుండానే ఉంది. పాత ఆటలన్నీ ఒక్కదాంట్లో ఆడించే అరచేతంత పెట్టె దొరుకుతోందని తెలిసి, కిందటేడు తెచ్చి టీవీకి తగిలించాను. ఎక్కడికక్కడ ఆట దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే ఆడొచ్చని చెబితే అత్త మొహం చిట్లించింది.

"పడినోడు మొదట్నుంచి లేవాల. దాసుకుని ఆడితే అదేటి ఆట?"

ఎవరో చివరిదాకా ఆడిన వీడియో ఉందంటే నా ఫోను లాక్కుని బోర్లా పెట్టింది. నేను చూసేశానని తెలిశాక, ఆ సంగతి ఎత్తితే గుమ్మం తొక్కనివ్వనంది.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆఖరి కోటలో అడుగు పెట్టనే పెట్టింది. నేను పక్కనే ఉన్నాను, కరెంటూ ఉంది. అంతలో ఎదురింట్లోంచి ఏడుపులు వినిపించాయి. మంచాన పడి ఉన్న ముసలాయన పోయాడు. అత్త వెంటనే లేచి స్విచ్చు కట్టేయబోయింది. ఒక్క బటను నొక్కితే ఆట ఉంటుంది అత్తా అని బతిమాలాను. వినలేదు.

"ఎదరింట్లో శవముంటే మనింట్లో బొమ్మలాడతాయేటిరా" అని అటు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది గాని అంతదూరం చేరలేకపోయింది. ఆయాసం పట్టుకుంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను, కోట చివర ఏముందో చెప్పనా అని. అత్త ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, "వద్దురా అల్లుడా. ఇంటికెల్లి నానే సూస్తాను" అంది. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టేది, కాని తెలుసుకుని పోయేది. ఆమె మాట దాటకపోవడమే మంచిదని మనసుకు సర్దిచెప్పుకుంటాను. అది సర్దుకోదు.

దినకార్యాలు అయి చుట్టాలంతా వెళ్ళాక, మావయ్య ఆ ఆట రిమోటు తెచ్చి నా ముందు కూర్చున్నాడు. ఏ బటను దేనికో చెప్పమన్నాడు. ఏనాడూ ఆ ఆట వైపు తలెత్తి చూడని మనిషి. ఆఖరి కోట దగ్గర నుంచే మొదలయ్యేలా పెడతాను, చూద్దువుగాని అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"మీ అత్త ఎల్లినంత దూరం నానూ నడిసే ఎల్తాను."

కళ్ళజోడు సర్దుకుని బటన్లు గట్టిగా నొక్కాడు. బుల్లి మనిషి గబగబా నడిచి మొదటి గోతిలో పడ్డాడు. మావయ్య మళ్ళీ నొక్కాడు.