లియోంటీన్ గుండెదడ

పారిస్‌లో పిగాల్ వీధుల నిండా భయస్తులే. పోలీసులంటే భయపడేవాళ్ళు, అద్దె అడిగే ఇంటివాళ్ళంటే భయపడేవాళ్ళు, పెళ్ళాలంటే భయపడేవాళ్ళు గుంపులు గుంపులుగా తిరుగుతుంటారు. కానీ లియోంటీన్ పక్కన నిలబెడితే వాళ్ళందరూ వీరాధివీరుల కిందే లెక్క. 'కుంటి నెమలి' కేబరేలో యుద్ధానికి ముందు నుంచీ నాట్యం చేస్తున్న ఆ మనిషి, ప్రతి సాయంత్రం స్టేజీ ఎక్కేముందు ఒకసారి చచ్చి బతికేది.

"అయిపోయింది. ఇవాళ కచ్చితంగా పడతాను," అనేది బుగ్గలకు పౌడరు అద్దుకుంటూ.

"నిన్నా ఇదే అన్నారు మదామ్," అనేది ఆమెకు బట్టలు తొడిగే అర్మాండ్, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని.

"నిన్న పడలేదు కాబట్టే ఇవాళ పడతాను. ఎన్నాళ్ళని తప్పించుకుంటాను చెప్పు?"

పడటంతో ఆగితే బాగుండేది. మొదట ఏ కాలు వెయ్యాలో మరిచిపోయేది. కనిపించినవాళ్ళనల్లా పట్టుకుని అడిగేది. ఒకసారి నిప్పంటుకుంటే ఆర్పడానికి తెర పక్కన కాపలా కాసే ఫైరు మనిషిని అడిగింది. "కుడికాలా, ఎడమకాలా? త్వరగా చెప్పు నాయనా!" అతను తన టోపీ సర్దుకుని, బాగా ఆలోచించి, "ఏదైనా ఫర్వాలేదు గానీ, రెండూ ఒకేసారి వెయ్యకండి మదామ్," అన్నాడు.

ఇంకోసారి భయం ముదిరి, ఒంటినిండా నిప్పుకోడి ఈకలతో వెనక గుమ్మంలోంచి పరుగెత్తి, ఎదురుగా ఉన్న మాంసం కొట్లో దూరింది. కొట్టువాడు కత్తి పక్కన పెట్టి, "ఈకలతో ఉన్నవి మేం తీసుకోం మదామ్, పీకించి తీసుకురండి," అన్నాడు. ఆ రోజు ఉదయమే మొగుడు వదిలేసి పోయిన పాటగత్తె జినెట్, ఏడుస్తున్నది కాస్తా ఏడుపు ఆపి, ఇంటి చెప్పులతోనే వీధిలోకి వచ్చి, లియోంటీన్‌ని చెయ్యి పట్టుకుని తిట్టుకుంటూ లాక్కొచ్చింది.

ఇంతా చేసి వాద్యాలు మొదలయ్యాయంటే ఆ మనిషి వేరు. పొడవాటి మెట్ల పైన ఒక మహారాణి నిలబడేది. తల మీద కిరీటం, వెనక ఈకల తోక, చేతిలో విసనకర్ర, మోచేతులు దాటిన తొడుగులు. పాదాల వంక ఒక్కసారి కూడా చూడకుండా దిగేది. రెండో అడుగుకే మడమ తోకలో చిక్కుకునేది. అది విడిపించుకోబోతే తొడుగు జారేది. తొడుగు కోసం వంగితే విసనకర్ర ముక్కు మీద టపీమని మూసుకునేది. ప్రతి మెట్టు దగ్గరా జనం "అయ్యో, పడింది!" అని కుర్చీల్లోంచి లేచేవాళ్ళు. పడేది కాదు. చివరి మెట్టుకు వచ్చేసరికి ఈకలు, తొడుగులు, కిరీటం అన్నీ పైనే ఉండిపోయి, తళుకుల గౌనులో ఒక నవ్వు ముఖం మాత్రం మిగిలేది. మిగతా కేబరేల్లో ఆడవాళ్ళు బట్టలు విప్పుతారు. లియోంటీన్ దర్జా విప్పేది.

ఆ విద్య ఊరికే రాలేదు. లెపిక్ వీధిలో ఆమె గది మేడ పైకొసన ఉండేది. రోజూ ఉదయం కూరల సంచీతో ఆ మెట్ల మీద తట్టుకుని పడబోవడం సాధన చేసేది. ఉల్లికాడలు ఒక పక్క, రొట్టె ఒక పక్క ఎగురుతుంటే, కింద కాపలా ఉండే ముసలామె తల బయటికి పెట్టి, "మామూలుగా దిగడం చాతకాదా మదామ్?" అని అరిచేది.

"మామూలుగా దిగితే ఎవరు చూస్తారమ్మా?" అనేది లియోంటీన్, దొర్లుతున్న బంగాళాదుంపను కాలితో ఆపి.

జోసియాన్ ఈ కేబరేకి రూబే పట్టణం నుంచి వచ్చింది. నూలుమిల్లు వదిలేసి, పెట్టె చేత్తో పట్టుకుని, నాట్యం చేసి బతుకుతానని ఇంట్లో పోట్లాడి మరీ వచ్చింది. తీరా మొదటి సాయంత్రం తెర సందులోంచి జనాన్ని చూసేసరికి ఆమె ధైర్యం ఎగిరిపోయింది. పైకోటు తొడుక్కుని, ఎవరూ చూడకుండా వెనక గుమ్మం వైపు నడిచింది. రైలు ఇంకా ఉంది. మిల్లులో పని ఇంకా ఉంది. అమ్మ చేత నాలుగు తిట్లు తింటే సరిపోతుంది.

గుమ్మం దగ్గర ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయీ, నన్ను వదిలి వెళ్ళకు! నేను చచ్చిపోతున్నాను!"

లియోంటీన్. కళ్ళు తేలేసి, గోడకు ఆనుకుని, చేపలా నోరు తెరిచి గాలి పీలుస్తోంది.

"ఏమైంది మదామ్? ఎవర్నైనా పిలవనా?"

"ఎవర్నీ పిలవకు. ఈ చెయ్యి పట్టుకో. గట్టిగా! నీ నాట్యం నాకు చెప్పు. మొదట ఏం చేస్తావు?"

"మొదట... ఎడమవైపు తిరుగుతాను."

"తర్వాత? చెప్పవే తల్లీ, నా గుండె ఆగిపోతోంది!"

జోసియాన్ చెబుతూ, పైకోటు విప్పి దాంతోనే ఆమెకు విసురుతూ, నీళ్ళు తాగిస్తూ, స్టేజీ పక్కదాకా నడిపించుకుంటూ వచ్చింది. "ఇక్కడ తిరగాలి మదామ్, చూడండి, ఏం లేదు, ఇలా," అని చూపించబోయి తిరిగేసరికి కళ్ళలో దీపాలు పడ్డాయి. తను స్టేజీ మీద ఉంది. పక్కన తోటి అమ్మాయిలు అప్పటికే ఎడమవైపు తిరుగుతున్నారు. ఆమె కూడా తిరిగింది. ఇంక ఆగలేదు.

ఆట అయ్యాక జోసియాన్ అర్మాండ్ దగ్గర మండిపడింది. "ఏం మనిషండీ ఆవిడ! నా మొదటి రోజు! స్థిమితంగా భయపడనిచ్చిందా నన్ను?"

అర్మాండ్ సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసుకుంది.

అలా రెండేళ్ళు గడిచాయి. వసంతం వస్తుండగా 'కుంటి నెమలి'కి పెద్ద ఆపద వచ్చి పడింది. ఆ భవనం సొంతదారు పోయాడు. ఆస్తి లియోన్ నగరంలో ఉండే వదినగారికి వచ్చింది. మదామ్ గ్రిమో అనే ఆ విధవరాలు రోజూ చర్చికి వెళ్ళే మనిషి. కార్లు పెట్టుకునే షెడ్డు కోసం ఒకడు అప్పటికే ఆ భవనం ఇమ్మని ఆమె వెంట పడుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆటకు తనే స్వయంగా వస్తాననీ, చూశాక ఏ సంగతో చెబుతాననీ కబురు పంపింది.

కేబరే నడిపే మొస్యూ బార్బరూ ఆ కబురు విని మూడు గ్లాసుల పాలు తాగాడు. ఆయనకు కడుపులో పుండు. పాలు తప్ప ఏదీ పడదు. మనిషి గుర్రబ్బండంత ఉంటాడు. వంటింట్లో అరిస్తే గిన్నెలు మోగుతాయి. కానీ కొత్తవాళ్ళ ముందు నోరు తెరవాలంటే నాలుక మడతపడిపోతుంది. పెళ్ళిలో "సరే" అనడానికి ఆయన పడ్డ అవస్థ చూసి, పిల్ల నచ్చలేదేమో అడగండని పెళ్ళి జరిపిస్తున్న మేయరే అన్నాడట.

ఆయన జోసియాన్‌ని గదిలోకి పిలిచాడు.

"ఆదివారం మెట్ల నాట్యం నువ్వు చెయ్యి."

"నేనా? మరి మదామ్ లియోంటీన్?"

"ఆవిడ గుండె ఏదో ఒక రోజు ఆగిపోతుందని నువ్వేగా అన్నావు? ఆ ముసలామె ముందు ఆగితే? కార్లవాడు శవం మీదుగానే తోలుకొస్తాడు లోపలికి! ఆదివారం నుంచి మెట్లు నీవే. ఆవిడ ఇంక ఇంట్లో కూర్చుంటే మంచిది."

జోసియాన్ నాలుక కరుచుకుంది. ఎప్పుడో విసుగులో ఆయన ముందు అన్న మాట అది. మెట్ల నాట్యం అంటే ఈ కేబరేలో రాజ్యం. కలలో కూడా అడగడానికి భయపడినది చేతికి వస్తోంది. కానీ ఆ ముసలి ప్రాణానికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? రోజూ ఉత్తపుణ్యానికే చచ్చే మనిషి, ఇది వింటే నిజంగానే పోదూ?

శనివారం పెందలాడే మెట్లెక్కి, అలంకరణ గది తలుపు దగ్గర ఆగింది. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల లియోంటీన్ కాళ్ళు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని, ఉడికించిన గుడ్డు మీద ఉప్పు చల్లుకుని తింటోంది. ఏదో కూనిరాగం తీస్తోంది. చెరువులో బాతులా ఉంది.

"ఏం, ఇవాళ భయం లేదా?" అంటోంది అర్మాండ్ ఇస్త్రీ చేస్తూ.

"ఎవరి కోసం? కొత్త వయొలిన్ ఆయన కుదురుకున్నాడు. జినెట్‌కి ఇంకొకడు దొరికాడు. ఇవాళ సెలవు నాకు. ఉప్పు ఇలా ఇవ్వు."

జోసియాన్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"అంటే... అంతా నాటకమా?"

లియోంటీన్ గుడ్డు మింగి, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా చూసింది.

"తలుపు వెయ్యమని చెప్పానా అర్మాండ్?"

"నా మొదటి రోజు గుమ్మం దగ్గర! చచ్చిపోతున్నానన్నారు!"

"చచ్చేది నువ్వే పిల్లా. ముఖం సున్నం కొట్టినట్టుంది. పైకోటు కూడా తొడుక్కున్నావు. భయపడకు అని చెబితే విని ఉండేదానివా?"

"వినేదాన్ని కాదు."

"ఎవరూ వినరు. అదే పక్కన ఒకళ్ళు మునిగిపోతుంటే, ఈతరానివాళ్ళు కూడా దూకుతారు. నేను కాసేపు మునుగుతాను. అంతే."

"మరి మీకు అసలు భయమే లేదా?"

"ఉండేది. రోజూ వాడీ వాడీ అరిగిపోయింది."

జోసియాన్ కుర్చీలో కూలబడి, బార్బరూ అన్నదంతా చెప్పేసింది. తను నోరు జారిన సంగతి కూడా. చెబుతూ ఏడ్చింది. లియోంటీన్ గుడ్డు పెంకులు ఒక్కొక్కటే ఏరి, కాగితంలో పొట్లం కట్టింది.

"మంచిదేగా," అంది చివరికి. "నా మోకాళ్ళు కూడా ఈ మాటే అంటున్నాయి చాన్నాళ్ళుగా. మూడో మెట్టు దగ్గర కంగారుపడకు. తోక దానంతటదే తిరుగుతుంది."

ఆ గొంతులో ఎక్కడో చిన్న వణుకు ఉంది. ఈసారి అది నటన కాదని జోసియాన్‌కి తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం మదామ్ గ్రిమో నల్లబట్టలు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ముందు వరసలో పంటి వైద్యుడి దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. తెర వెనక ఈకల తోకతో నిలబడ్డ జోసియాన్‌కి దవడలు కొట్టుకుంటున్నాయి. లియోంటీన్ మామూలు కోటులో, ఒక మూల పెట్టె మీద కూర్చుని ఉంది.

"నన్ను కూడా పట్టుకుని భయపడండి మదామ్! ఒక్కసారి!"

"నీకు తెలిసిపోయిందిగా. ఇంక పనిచెయ్యదు."

ఇంతలో అర్మాండ్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆటను పరిచయం చేసే మనిషికి గొంతు పూర్తిగా పోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించినా గాలి తప్ప మాట రావడం లేదు. ఆ పెద్దావిడకు స్వాగతం ఎవరో ఒకరు చెప్పాలి. కేబరే యజమాని తప్ప ఇంకెవరు చెబితే బాగుంటుంది?

బార్బరూ తెరను రెండు చేతులా పట్టుకున్నాడు. ముఖం ఆయన తాగే పాలకంటే తెల్లబడింది.

"ఆ... ఆ... ఆట... ఆపెయ్... ఆపెయ్యండి. కా... కార్లవాడికే..."

జోసియాన్ మూల వైపు చూసింది. పెట్టె మీద మనిషి లేదు.

"మొస్యూ! పట్టుకోండి నన్ను! పోతున్నాను!"

లియోంటీన్ వచ్చి బార్బరూ ఛాతీ మీద పడింది. ఆయన అదిరిపడి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏంటిది? ఇప్పుడా?"

"మెట్ల నాట్యం మరిచిపోయాను! కుడికాలా, ఎడమకాలా?"

"మీరు చెయ్యడం లేదు కదా! జోసియాన్ చేస్తోంది!"

ఇద్దరూ జోసియాన్ వైపు తిరిగారు. లియోంటీన్ కళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. ఆ ముక్క ఆవిడ ఆలోచించుకోలేదు. జోసియాన్ తల మీది కిరీటాన్ని తడుముకుని, తోక వంక ఒకసారి చూసుకుంది. రూబే నుంచి ఇక్కడిదాకా వచ్చింది దీనికోసమే. తర్వాత ఒక కాలు ఎత్తి పట్టుకుంది.

"అబ్బా! మడమ బెణికింది మొస్యూ. నేను దిగలేను. ఆవిడే చెయ్యాలి."

"నా వల్ల కాదు!" అని లియోంటీన్ కేక. "ముందు నేను చేసేదేంటో జనానికి చెబుతారుగా, అది వింటే గుర్తొస్తుందేమో. మీరే చెప్పండి మొస్యూ, నాకు వినిపించేటట్టు. లేకపోతే ఇక్కడే పోతాను, నా ఉసురు మీకే!"

"పోకండి! పోకండి! నేనున్నాను కదా!" బార్బరూ గొంతులో గిన్నెలు మోగించే బలం వచ్చేసింది. "గాలి పీల్చండి. నేను చెబుతుంటాను, వినండి. అర్మాండ్, ఆ తోక ఈవిడకి కట్టు! అమ్మా, నా మాట మీదే ధ్యాస పెట్టండి!"

అంటూ, వెనక్కి తిరిగి లియోంటీన్‌కి ధైర్యం చెబుతూనే తెర దాటి బయటికి వెళ్ళిపోయాడు. దీపాల వెలుగులో నిలబడి, ఒక్క ముక్క తడబడకుండా, మదామ్ గ్రిమోకి స్వాగతం చెప్పాడు. ఆవిడ మరిదిగారి మంచితనం చెప్పాడు. మెట్ల మీది మహారాణిని గురించి గట్టిగా, నిదానంగా, తెర వెనక్కి వినబడేలా చెప్పాడు. మధ్యలో ఒకసారి, "వినబడుతోందా?" అని కూడా అడిగాడు. జనం తమనే అనుకుని, "వినబడుతోంది!" అన్నారు.

లియోంటీన్ ఆ రోజు దిగినట్టు ఎప్పుడూ దిగలేదని చూసినవాళ్ళు ఇప్పటికీ అంటారు. మోకాళ్ళ నొప్పిని కూడా నాట్యంలో కలిపేసింది. మూడో మెట్టు దగ్గర మదామ్ గ్రిమో "జాగ్రత్త తల్లీ!" అని కేక పెట్టి లేచి నిలబడింది. అయిదో మెట్టు దగ్గర ఆవిడ టోపీ పక్కకు ఒరిగింది. చివరి మెట్టు దగ్గర చేతిసంచీ ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ కూర్చుంది.

ఆట అయ్యాక ఆవిడ బార్బరూతో, "కార్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు," అని, తన పేరన ముందు వరసలో ఒక కుర్చీ ఎప్పుడూ ఉంచమని చెప్పి వెళ్ళింది.

బార్బరూ ఛాతీ విరుచుకుని తెర వెనక్కి వచ్చాడు. జోసియాన్‌ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"చూశావా? పాపం, నేను లేకపోతే ఆవిడ గతేంటి? ఇంటికి ఎలా పంపిస్తాం అలాంటి మనిషిని? మెట్లు ఆవిడవే. నువ్వు పక్కనుండి నేర్చుకో, తొందరేం లేదు. ఇంకోమాట, రేపటినుంచి రోజూ ముందుమాట నేనే చెబుతాను. ఆవిడకి నా గొంతు వినబడితే గానీ కుదరదు."

జోసియాన్ ఆ మాట మోసుకుంటూ అలంకరణ గదికి పరుగెత్తింది. బెణికిన మడమ సంగతి మరిచిపోయి రెండేసి మెట్లు ఎక్కింది. లియోంటీన్ ఉప్పునీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. అంతా విని ఒక కన్ను తెరిచింది.

"రోజూనా?"

"రోజూ అన్నాడు."

"ఒక్క రోజు కూడా సెలవు లేకుండా?"

"మీరు వణకకపోతే ఆయన వణుకుతాడు మదామ్."

లియోంటీన్ పెద్ద నిట్టూర్పు విడిచి, వెనక్కి వాలింది.

"అర్మాండ్, ఆ అద్దం ఇలా పెట్టు. ఈ పిల్లకి కళ్ళు తేలెయ్యడం నేర్పాలి. ఆదివారాలైనా నా బదులు భయపడుతుంది."