కుందేలు పిల్లకి ఇద్దరు నాన్నలు

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్ళో తెలుగువాళ్ళు సినిమాకి వెళ్ళాలంటే ముందు టికెట్ కొనరు, ముందు నళిని గొంతు వింటారు. ఆవిడ కొత్త సినిమా మొదటి ఆట చూసి, పార్కింగ్ లాట్‌లో కారెక్కి కూర్చుని, ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది. "అందరికీ నమస్కారం, నేను నళినిని" అంటూ మొదలవుతుంది అది. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా, పాటల్లో బట్టలు ఏ మాత్రం ఉన్నాయి, ముద్దు ఎక్కడొస్తుంది, దానికి కాస్త ముందే పిల్లల్ని పాప్‌కార్న్‌కి పంపడానికి గుర్తేమిటి, అన్నీ విడమరిచి చెబుతుంది. "హీరోయిన్ గొడుగు మడిచిందంటే పిల్లల్ని లేవగొట్టేయండి" అన్న ఆవిడ మాట నమ్మి ఎన్ని కుటుంబాలు పరువు దక్కించుకున్నాయో! చాటుమాటుగా ఆవిడని సెన్సార్ నళిని అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కోపం రాదు సరికదా, లోలోపల మురిసిపోతుంది.

మురిసిపోక ఏం చేస్తుంది మరి? తెనాలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మనిషి. పెళ్ళయి అమెరికా వచ్చాక డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేక ఏళ్ళ తరబడి అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ గడిపింది. మొగుడు కృష్ణమోహన్ పొద్దున ఆఫీస్‌కి పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఒళ్ళో కూతురు చరిత, ఎదురుగా టీవీలో తెలుగు సినిమా. అదే ఆవిడ లోకం. గ్రీన్ కార్డ్ వచ్చాక బళ్ళో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేరిందనుకోండి. కానీ "నళిని గారూ, మీరు చెప్పాక తిరుగేముందండీ" అనిపించుకోవడంలో ఉన్న రుచి ఆ ఉద్యోగంలో ఎక్కడ దొరుకుతుంది?

అలాంటి నళిని ఒకే ఒక్కసారి చూడకుండా తీర్పు చెప్పింది. కొంప మునిగింది.

పక్క వీధి అనూరాధ కొడుకు శ్రేయాస్ పుట్టినరోజు. పిల్లలందరినీ ఏదో కార్టూన్ సినిమాకి తీసుకెళ్ళి, అక్కడే కేక్ కోయిద్దామని అనూరాధ ఆలోచన. నళినికి ఆ శుక్రవారం బడిలో మీటింగ్ పడి మొదటి ఆటకి వెళ్ళడం కుదరలేదు. "బొమ్మల సినిమాలో ఏముంటుంది అనూరాధా? కుందేళ్ళూ ఉడతలూ! కళ్ళు మూసుకుని బుక్ చేసెయ్" అంది. అనూరాధ కళ్ళు మూసుకుని మూడు వరసలు బుక్ చేసింది.

శనివారం మధ్యాహ్నం ఆ మూడు వరసల నిండా మనవాళ్ళే, నళినితో సహా. అనూరాధ మామగారు వీరభద్రరావు, గుంటూరు నుంచి మనవడి పుట్టినరోజుకి వచ్చిన పెద్దాయన, శాలువా కప్పుకుని మధ్య సీట్లో దర్జాగా కూర్చున్నారు. సినిమాలో ఒక ఉడత పిల్ల దారి తప్పి కుందేలు పిల్ల ఇంటికి చేరింది. తెల్లారింది. కుందేలు పిల్ల బడికి బయలుదేరుతోంది. ఒక మగ కుందేలు దాని మెడకి మఫ్లర్ చుట్టింది. ఇంకో మగ కుందేలు క్యారెట్లు తరిగి డబ్బాలో పెట్టి, "నాన్న చుట్టిన మఫ్లర్ తీసేయకు" అని చెప్పింది. చెప్పి, వెళ్తూ వెళ్తూ ఆ మొదటి కుందేలు నుదుటి మీద ముద్దు పెట్టింది. అంతే. ఉడత పిల్ల కథ ముందుకి సాగిపోయింది.

సాగిపోయింది తెర మీద మాత్రమే. "అదేమిటమ్మా, ఇద్దరూ మగవాళ్ళే కదా?" అన్నారు వీరభద్రరావు, హాలంతా వినబడేలా. "మా క్లాస్‌లో మేసన్‌కి కూడా టూ డాడ్స్ ఉన్నారు తాతా" అన్నాడు శ్రేయాస్, నోటి నిండా పాప్‌కార్న్ పెట్టుకుని. అనూరాధ మెల్లగా తల తిప్పి నళినిని చూసింది. ఆ చూపుకి నళినికి తల కొట్టేసినట్టయింది. ఒకామె పిల్లాడి కళ్ళు మూసింది. ఇంకొకామె పిల్లని ఎత్తుకుని నడవలోకి దిగింది. ఒకరిని చూసి ఒకరు, మూడు వరసలూ ఖాళీ అయ్యాయి. సినిమా అవలేదని పిల్లలు లాబీలో ఏడుపు అందుకున్నారు. కేక్ కోసేటప్పుడు పాట పాడింది ముగ్గురో నలుగురో.

నళిని కారెక్కి తలుపు వేసుకుంది. ఇన్నేళ్ళ పేరు ఒక్క మధ్యాహ్నంలో గంగలో కలిసిపోయింది కదా! ఫోన్ తీసి మాట్లాడటం మొదలుపెట్టింది.

"అందరికీ నమస్కారం, నేను నళినిని. తప్పు నాదే, చూడకుండా చెప్పాను. కానీ ఛీ ఛీ, పిల్లల బొమ్మల సినిమాలో కూడా ఈ దరిద్రమేనా? ఇద్దరు మగ కుందేళ్ళు కాపురం చేస్తూ పిల్లకి లంచ్ బాక్స్ కడుతుంటే మన పిల్లలు కూర్చుని చూడాలా? ఈ రోగం మన ఇళ్ళ దాకా రాకుండా మనమే కాచుకోవాలి. మా ఇంట్లో గనక ఇలాంటిది జరిగితే, ఒట్టేసి చెబుతున్నా, నేను ప్రాణంతో ఉండను."

గ్రూపులో దండాలే దండాలు. "బాగా గడ్డి పెట్టారు", "మా మనసులో మాట చెప్పారు". పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది. నళిని ఊపిరి తీసుకుని, ఎప్పుడూ చేసే పనే ఇప్పుడూ చేసింది. ఆ మెసేజ్‌ని చరితకి ఫార్వర్డ్ చేసింది. కూతురు రెండు గంటల దూరంలో యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగు మరిచిపోకుండా ఉంటుందని తన మెసేజ్‌లన్నీ పంపుతుంటుంది తల్లి.

చరిత ప్రతి మెసేజ్‌కీ ఒక నవ్వు బొమ్మ పెట్టేది. ఈసారి పెట్టలేదు. విన్నట్టు గుర్తు మాత్రం పడింది. ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తలేదు. "ఎగ్జామ్స్ ఏమోలే, వదిలెయ్" అన్నాడు కృష్ణమోహన్. వదిలేసే మనిషి అయితే కదా! సోమవారం బడికి సెలవు పెట్టి, పులిహోర కలిపి, గోంగూర పచ్చడి సీసాలో సర్ది, డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది.

తలుపు తీసింది చరిత రూమ్మేట్ టెస్సా. వీడియో కాల్స్‌లో చూసిన పిల్లే, ముఖం నిండా గోధుమ రంగు చుక్కలు, జుట్టు పోగేసి ముడేసుకుంది. నళినిని చూడగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. "అందారికీ నమస్కారమ్, నేను నాలినిని!" అంది, అచ్చం నళిని యాసని తన అమెరికా నాలుకతో తిప్పుతూ. నళిని పకపకా నవ్వింది. "ఆంటీ, ఆ బన్నీ డాడ్స్ మీకు అంత నచ్చారా? చరిత చెప్పింది. సో స్వీట్!" అంది టెస్సా ఇంగ్లీషులో, గిన్నెలు అందుకుంటూ. ఎగతాళి చేస్తోందేమో అనుకుంది నళిని. కానీ ఆ పిల్ల కళ్ళలో ఎగతాళి లేదు.

ఇంతలో లోపలి నుంచి చరిత వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లిని కావలించుకోలేదు. "అమ్మా, కిందకి వెళ్దాం" అని ముందే మెట్లు దిగింది.

ఇద్దరూ కార్లో కూర్చున్నారు. చరిత డాష్‌బోర్డ్ వైపే చూస్తోంది.

"నువ్వు ప్రాణంతో ఉండవా అమ్మా?" అంది.

"ఏంటే ఆ మాటలు? ఒంట్లో బాలేదా నాన్నా?"

"నువ్వే కదా అన్నావ్. మన ఇంట్లో జరిగితే అని. జరిగింది అమ్మా. టెస్సా ఉత్త రూమ్మేట్ కాదు. వియ్ ఆర్ టుగెదర్. టూ ఇయర్స్ అయింది."

ఇప్పుడు విన్నది తెలుగేనా అని నళినికి సందేహం వచ్చింది. ఎదురుగా ఎవరో అబ్బాయి సైకిల్ తాళం తీసుకుంటున్నాడు. లోకం యథాప్రకారం నడుస్తోంది, అదెలా సాధ్యమో ఆవిడకి అర్థం కాలేదు. అనూరాధకి తెలిస్తే? గ్రూపులో తెలిస్తే? కృష్ణమోహన్‌కి ఏమని చెప్పాలి? ఇన్ని ప్రశ్నలు మెదిలాయి, ఒక్కటీ కూతురి గురించి కాదు. తీరా నోరు తెరిస్తే, అన్నిటికంటే తెలివితక్కువ మాట బయటపడింది.

"ఎవరు నేర్పారే నీకిది? ఇలాంటి సినిమాలు చూసేనా?"

"ఏ సినిమాలు అమ్మా? నువ్వు చూపించినవన్నీ అబ్బాయి, అమ్మాయి సినిమాలే కదా. అన్నీ చూశాను. నీ పక్కనే కూర్చుని చూశాను." చరిత తల్లి వైపు తిరిగింది. "లాస్ట్ మంత్ ఒక తెలుగు సినిమాకి మెసేజ్ పెట్టావ్, గుర్తుందా? అందులో ఒకతను చేతులు తిప్పుకుంటూ హీరో మీద పడుతూ ఉంటాడు, అందరూ వాణ్ణి కొడతారు. ఫ్యామిలీతో హాయిగా చూడొచ్చు, కామెడీ అదిరింది అన్నావ్. వాణ్ణి కొడితే ఫ్యామిలీ సినిమా. ఇక్కడ ఒకాయన పిల్లకి లంచ్ బాక్స్ కడితే ఛీ. ఎందుకమ్మా?"

నవ్వానా, అని నళిని గుర్తు చేసుకుంది. నవ్వింది. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. ఆ రోజు పక్క సీట్లో ఈ పిల్ల కూడా ఉంది, సెలవులకి వచ్చి. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే, తలనొప్పేమోనని మాత్ర ఇచ్చింది.

అప్పుడు టెస్సా మాట గుర్తొచ్చింది. "మరి ఆ అమ్మాయేంటి, నాకు నచ్చిందని అంటోంది?"

"నీ మెసేజ్ వచ్చినప్పుడల్లా మేము స్పీకర్‌లో పెట్టుకుని వింటాం. టెస్సాకి తెలుగు రాదు, కానీ నీ వాయిస్ అంటే ఇష్టం. వంట చేసుకుంటూ నీలాగా మాట్లాడుతుంది. శనివారం కూడా అలాగే పెట్టాను. నేను ఏడవడం మొదలుపెట్టాను. మీ అమ్మ ఏమంటోంది అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఆ ఇద్దరు నాన్నలూ నీకు చాలా నచ్చారని చెప్పాను. అందుకే హ్యాపీగా ఏడుస్తున్నానని చెప్పాను." చరిత మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అది నిన్ను అసహ్యించుకుంటే నేను తట్టుకోలేను అమ్మా."

నళినికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని ఆవిడకే అనిపించింది. కూతురి చెయ్యి పట్టుకోవాలని చెయ్యి చాపి, మధ్యలో గేర్ మీదే ఆపేసింది. నన్ను కాపాడింది, అనుకుంది. నేను అన్నేసి మాటలన్నాక కూడా పిచ్చిపిల్ల నన్నే కాపాడింది.

పైన బాల్కనీలోకి టెస్సా వచ్చింది. రెండు చేతులూ ఊపుతూ, టీ చల్లారిపోతోందని కేకేసింది. తర్వాత రెయిలింగ్ మీదకి వంగి, ఇంకో మాట అడిగింది. "ఆంటీ, ఆ సినిమా మళ్ళీ చూద్దామా? ముగ్గురం కలిసి? ఈ సాయంత్రమే?"

నళిని కారు దిగింది. "సరే అమ్మా" అనబోయింది. పైకి చూస్తూ తల ఊపింది. టెస్సా చప్పట్లు కొట్టి లోపలికి పరిగెత్తింది. చరిత కారు తలుపు దగ్గరే నిలబడి తల్లి ముఖంలోకి చూస్తోంది, ఆ ఊపిన తల నిజమో, లేక తను టెస్సాకి చెప్పినట్టే ఇదీ ఒక అబద్ధమో తేల్చుకోలేక.