కౌసల్య అడిగిన రక్తం

భానూర్‌లో కౌసల్యను దాదాపు అందరూ ఆశమ్మ అనే పిలుస్తారు. ఆశా కార్యకర్తగా చేరి చాలా ఏళ్ళయింది గనుక అసలు పేరు సగం మందికి గుర్తు కూడా లేదు. అంతకు ముందు ఆమె నాట్లకూ కలుపులకూ కూలికి పోయేది. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు ఫ్యాక్టరీ షెడ్లయి, కూలి దొరకడమే కష్టమైనప్పుడు, పదో తరగతి దాకా చదివిందని ఈ పని ఇచ్చారు. భర్త బాలరాజ్ ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. ఒక్కతే బిడ్డ రవళి, పెళ్ళయి పటేల్‌గూడలో కిరాయి ఇంట్లో ఉంటోంది.

ఈ పనిలో కౌసల్యకున్న ఆస్తి ఒక్కటే, ఆమె మాట మీద ఊరికి గురి. చుక్కలమందు వేయించమంటే వేయించేవాళ్ళు, కాన్పుకు దవాఖానకు పొమ్మంటే పోయేవాళ్ళు. అందుకే వానలు వెనకబట్టాక ఒక మందుల కంపెనీ వాళ్ళు ఊళ్ళో ఫ్లూ టీకాల క్యాంపు పెట్టినప్పుడు జనాన్ని కూడగట్టడం ఆమెకు పెద్ద కష్టం కాలేదు. ముసలివాళ్ళు వచ్చారు, ఆయాసపు దమ్ము ఉన్నవాళ్ళు వచ్చారు, షెడ్లలో పనిచేసే పడుచువాళ్ళు వచ్చారు. అప్పుడే నెల తప్పిన రవళిని కూడా పిలిపించింది.

ముసలివాళ్ళలో నర్సింహమ్మ ఒక్కతే మొరాయించింది. ఆమెకు సూదంటే చచ్చేంత భయం. కౌసల్య పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను ఏయించుకున్న. కడుపుతోటున్న నా బిడ్డకు ఏయించిన. నా బిడ్డకు నేను సెరుపు సేసుకుంటనా, చిన్నమ్మా?"

ఆ మాటతో నర్సింహమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఆమె భర్త అంజన్న కూడా వెనకాలే వేయించుకున్నాడు.

చలి పోయి ఎండ ముదురుతున్న రోజుల్లో జ్వరాలు మొదలయ్యాయి. మొదట ఒక షెడ్డులో నలుగురైదుగురు పడ్డారు. తర్వాత వాళ్ళ ఇళ్ళు, ఆ తర్వాత వాడకట్టు. ఒళ్ళు కాలిపోయేది, రెండో రోజుకే ఆయాసం వచ్చేది. పరీక్షకు పంపితే ఇది ఇన్‌ఫ్లుయెంజానే గానీ రూపు మార్చుకున్నది, ఇంతవరకు చూసింది కాదు అన్నారు. టీకా వేయించుకోనివాళ్ళూ పడ్డారు, వేయించుకున్నవాళ్ళూ పడ్డారు. కౌసల్య ప్రతి ఇంటికీ తిరిగి, జ్వరం చూసి, ఆయాసమున్నవాళ్ళను బండి ఎక్కించింది. అలా ఎక్కించినవాళ్ళలో నర్సింహమ్మ ఒకతె. ఆమె తిరిగి రాలేదు.

దినాలు అయ్యాక కౌసల్య ఆ ఇంటికి పోతే అంజన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కసిరినట్టు కాదు, మామూలుగానే అన్నాడు.

"అది నీ మాట మీద ఏయించుకున్నది, కౌసల్యా. లేకుంటే ఏయించుకోకపోతుండె."

కౌసల్య వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది.

ఆమెను లోపల్లోపల తినేస్తున్న భయం ఇంకొకటి ఉంది. రవళికి ఏడో నెల. జ్వరాల ఇళ్ళలో తిరిగే మనిషి బిడ్డ దగ్గరకు పోకూడదని పోవడం మానేసింది. ఫోన్ చేస్తే రవళి రోజూ అదే అడిగేది.

"అమ్మా, నేను సూది ఏయించుకున్న గదా. నాకు రాదు గదా?"

"బయటికి పోకు. నోటికి గుడ్డ కట్టుకో," అనేది కౌసల్య. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది కాదు.

అట్లాంటప్పుడు నగరంలోని ల్యాబ్ నుంచి తనుశ్రీ అనే డాక్టరమ్మ వచ్చింది. టీకా వేయించుకుని ఇంకా జ్వరం రానివాళ్ళ రక్తం కావాలంది, ముసలివాళ్ళదీ వయసువాళ్ళదీ. పోల్చి చూడటానికి టీకా వేయించుకోనివాళ్ళది కూడా కావాలంది. ఎందుకని కౌసల్య అడిగితే కూర్చోబెట్టి చెప్పింది.

"రక్తంలోంచి పైన తేరే పసుపు నీళ్ళు తీసి, అందులో ఈ కొత్త వైరస్‌ను కలుపుతాం. తర్వాత కోడి రక్తం కణాలు వేస్తాం. టీకా వల్ల వచ్చిన బలం వైరస్‌ను పట్టి ఆపిందనుకోండి, కణాలు అడుక్కి దిగి ఎర్రటి చుక్కలా నిలుస్తాయి. ఆపలేకపోతే వైరస్ వాటిని ఒకదానికొకటి అతికించి పలచగా పరిచేస్తుంది. చుక్క కట్టదు."

"అంటే మేం ఏసిన సూది పనిజేస్తలేదా, మేడం?"

"అదే తెలియదు, కౌసల్య గారూ. కొంతైనా ఆపుతుందంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ టీకానే వెంటనే వేయించొచ్చు. ఆపదంటే దాని మీద భరోసా పెట్టుకుని ఎవరూ ఆలస్యం చేయకుండా మొదటి రోజే మందు ఇవ్వాలి. ఏదో ఒకటి తేలాలి."

నర్సింహమ్మ పోయాక ఏ తలుపులు తన మీద మూసుకున్నాయో ఆ తలుపులే కౌసల్య మళ్ళీ తట్టాల్సి వచ్చింది. "అప్పుడు సూది పొడిసిన్రు, ఇప్పుడు నెత్తురు గుంజుతరా," అంది ఒకామె. ఇంకొకామె లోపలి నుంచే, ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది. ఒకాయన కౌసల్య పలకరిస్తుంటే నీళ్ళ బకెట్ తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర వాకిలి కడగడం మొదలుపెట్టాడు. పొద్దంతా తిరిగితే ఒప్పుకున్నది ముగ్గురు. చివరికి ఆమె అంజన్న ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. లోపలికి అడుగు పడలేదు.

అంజన్న బర్రెకు గడ్డి వేస్తూ చూశాడు.

"ఏంది?"

"నీ రక్తం కావాలె, కాకా. జెరంత. ఆ సూది ఈ జబ్బును ఆపుతదో లేదో సూస్తరంట."

"ఆపలే గదా. ఇంక సూసేదేంది?"

"ఇంకోళ్ళ ఇంట్ల గిట్ల కావొద్దని, కాకా." కౌసల్య ఒక అడుగు లోపలికి వేసింది. "నా బిడ్డ కడుపుతోని ఉన్నది. దానికి గూడ నేనే ఏయించిన. నాకేం తోస్తలేదు."

అంజన్న ఉన్న గడ్డంతా బర్రె ముందు వేశాడు. చేతులు దులుపుకుని కండువా భుజాన వేసుకున్నాడు.

"నడువు. గని ఏం తేలినా నాకొచ్చి సెప్పాలె. మంచిదైనా, సెడ్డదైనా."

అంజన్న ఆరోగ్య కేంద్రంలో చెయ్యి చాపి కూర్చోవడం చూసి ఇంకొందరు కదిలారు. తనుశ్రీకి కావాల్సినంత కాకపోయినా పనికి సరిపడా రక్తం దొరికింది. వైరస్‌ను పెంచాలి, పరీక్ష ఒకసారి కాదు మళ్ళీ మళ్ళీ చేయాలి, కొన్ని వారాలు ఆగాలి అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

జ్వరం మాత్రం ఆగలేదు. రవళి ఇంటికే వచ్చింది.

అల్లుడు రాకేష్ మొదటి రోజు, టీకా ఉంది గదా, ఉత్త జలుబేమోలే అనుకున్నాడు. రవళి కూడా అదే అనుకుని అమ్మకు చెప్పలేదు. మర్నాడు ఫోన్‌లో ఎగపోస్తున్న ఊపిరి విని కౌసల్య ఉన్నపళాన బయలుదేరింది. సంగారెడ్డి దవాఖానలో మందు మొదలుపెట్టి ఆక్సిజన్ పెట్టారు. ఒక రోజు ముందే మందు పడాల్సిందని డాక్టర్ అన్నాడు. రాకేష్ తల దించుకున్నాడు. కౌసల్య అతన్ని ఏమీ అనలేదు. ఆ టీకా మీద భరోసా పెట్టించింది ఎవరని?

ఐసీయూ బయట, మెట్ల మీద కూర్చుని ఆమె తనుశ్రీకి ఫోన్ చేసింది.

"ఇంకా అధికారికంగా చెప్పలేదండీ," అంది తనుశ్రీ. రవళి సంగతి విన్నాక చెప్పింది. "పడుచువాళ్ళ రక్తంలో దాదాపు ఏమీ లేదు. ముసలివాళ్ళలో కొందరి రక్తం వైరస్‌ను ఆపింది. కానీ అది టీకా వల్ల కాదు. టీకా వేయించుకోని ముసలివాళ్ళలోనూ అంతే ఉంది. చిన్నప్పుడెప్పుడో ఇలాంటి వైరస్ తగిలి ఉంటుంది వాళ్ళకు."

"అంజన్నది ఆపిందా, మేడం?"

పేర్లు చెప్పకూడదని తనుశ్రీకి తెలుసు. "ఆ వయసు వాళ్ళలో కొందరిది," అంది మళ్ళీ.

"మరి ఆ రక్తం నా బిడ్డకు ఎక్కియ్యిన్రి. నేను కాళ్ళు పట్టుకోని తీస్కొస్త వాళ్ళను. ఎంత కావాలంటే అంత ఇస్తరు."

"అట్లా పనిచేస్తుందని ఇంకా ఎవరికీ తెలియదు, కౌసల్య గారూ. నేను చేయించలేను."

"తెల్వకపోతే సూడున్రి, మేడం. తెల్వదనే గదా అప్పుడు అంత మంది రక్తం తీస్కపోయిన్రు."

తనుశ్రీ ఫోన్ పెట్టేయలేదు. ఐసీయూ నుంచి పిలుపు వచ్చేదాకా కౌసల్య దాన్ని చెవికి ఆనించుకునే కూర్చుంది.

రెండు ప్రాణాలూ దక్కాలంటే బిడ్డను బయటికి తీయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు. అరచెయ్యంత ఉన్నాడు. వారం తిరగకుండానే పోయాడు. రవళి మాత్రం మెల్లగా తేరుకుంది. ఆక్సిజన్ తీసేసిన రోజు తల్లి వైపు తిరిగి అడిగింది.

"నువ్వు సూది ఏయించకపోయినా గిట్లనే అయితుండెనా, అమ్మా?"

"గిట్లనే అయితుండె, బిడ్డా."

నిజానికి అట్లా కాదని కౌసల్యకు తెలుసు. సూది లేకపోతే మొదటి రోజే భయపడి దవాఖానకు వచ్చేవాళ్ళు. రవళికీ ఆ సంగతి తెలుసు. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఫలితం అధికారికంగా వచ్చాక, టీకా వేయించుకున్నా సరే, జ్వరం వచ్చిన మొదటి రోజే మందు ఇవ్వాలని అన్ని ఆరోగ్య కేంద్రాలకూ చెప్పారు. దాంతో చావులు తగ్గాయి. కౌసల్య ఇచ్చిన మాట ప్రకారం అంజన్న దగ్గరికి పోయి అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"నా ఈడు వాళ్ళల్ల ఉన్నదంటివి. అదీ నా ఈడుదే గదా. దానికెందుకు లేకపాయె?"

"కొందరికే ఉన్నదంట, కాకా. చిన్నమ్మకు ఉండెనో లేదో ఎవలకు తెల్వది. ఆమె రక్తం ఎవలూ సూడలే."

అంజన్న తల ఆడించాడు. "నీ బిడ్డ తింటున్నదా?" అని అడిగాడు. తింటలేదని చెబుతుంటే, దవాఖానలో రాని ఏడుపంతా కౌసల్యకు అక్కడ వచ్చింది. ఆయన ఆపమనలేదు. మంచం మీద జరిగి చోటిచ్చాడు.

మరుసటి వానలు పోయాక కొత్త రూపానికి సరిపోయే టీకా వచ్చింది. కౌసల్య మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, గ్యారంటీ ఇవ్వలేదు. "ఈ జబ్బుకే తయారు జేసిన్రంట. ఏయించుకున్నా జ్వరమొస్తే అదే రోజు నాకు సెప్పున్రి," అంది అంతే. పోయినసారి వచ్చినవాళ్ళలో సగం మంది కూడా రాలేదు. రవళి వచ్చింది. తల్లి పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా అక్కడ కూర్చోకుండా, వరుసలో చివర నిలబడి, తన వంతు వచ్చాక వేయించుకుని పోయింది.