నేర్చుకున్న ఫోన్లు

మా పిన్నిని ఫ్యాక్టరీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. చొక్కాలకు కాలర్లు వేస్తుంది కాబట్టి ఆమె కాలరమ్మ. పక్క మిషను మీద జేబులు వేసే ఆవిడ జేబమ్మ. ఎదురుగా కూర్చునేది గుండీల వదిన. ఒక మనిషికి ఒక ముక్క. ఆ ముక్క దాటి చొక్కా గురించి తెలుసుకోవడం అక్కడ ఎవరి పనీ కాదు. పిన్ని పెళ్లికి ముందు కాలర్లు వేసింది. పెళ్లయ్యాక వేసింది. బాబాయి పని పోయి ఇంట్లో కూర్చున్నప్పుడూ, మెడ పట్టేసి తల ఒక పక్కకే తిరిగిన రోజుల్లోనూ వేసింది. ఇన్నేళ్లలో ఒక్క చొక్కా కూడా మొత్తం తన చేత్తో కుట్టలేదు. "మీ బాబాయి ఒక చొక్కా కుట్టిపెట్టమంటే మెడ మాత్రం కుట్టి ఇవ్వాలి" అని తనమీద తనే నవ్వుకునేది.

ఆమెకున్న ఆశల్లా శాంపిల్ గది. మిషన్ల వరసల చివర, అద్దాల తలుపు వెనక ఉంటుంది. కొత్త రకం చొక్కా ఏదైనా ముందు అక్కడే పుడుతుంది. బట్ట కొలిచిన మనిషే కత్తిరించి, కుట్టి, గుండీ దాకా వేస్తుంది. గంటకిన్ని అని నెత్తిన ఎవరూ నిలబడరు. కుర్చీకి వీపు ఆనించుకునే చెక్క ఉంటుంది. శాంపిల్ మాస్టారి దగ్గర పనిచేసే ఆమె మానేయడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి శ్రామికుల నైపుణ్యం మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రతి మనిషికీ రోజూ పని వేళలోనే, జీతం కోయకుండా, కాసేపు ఫోనులో పాఠాలు నేర్పాలి. ఎంతమంది నేర్చుకుంటే కంపెనీకి అంత డబ్బు సాయం. పై పనులు ఇక సర్టిఫికెట్ చూసే ఇవ్వాలి, సూపర్‌వైజరు ముఖం చూసి కాదు. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన మాట ఉండదు. ఆ కాగితాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర గోడకు అంటించారు. దాని పక్కనే ఎప్పటినుంచో మరో కాగితం ఉంది: ఫోన్లు లోపలికి తేరాదు. రెండూ ఒకే గోడ మీద ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండిపోయాయి. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఫోన్లన్నీ గేటు దగ్గర చెక్క అరల్లో పెట్టి వెళ్లాలి. వాటికి కాపలా తాత. సూది ఏ వైపు నుంచి దారం మింగుతుందో కూడా తెలియని మనిషి.

ఒక సాయంత్రం పిన్ని ఫోను తీసుకుంటే అందులో పూలగుత్తి బొమ్మ కనిపించింది. శాంపిల్ కుట్టుపనిలో శిక్షణ పూర్తి చేసినందుకు అభినందనలట.

"తాతా, ఇదేంటి? నేనెప్పుడు నేర్చుకున్నాను?"

"నువ్వా? పొద్దున టీకి ముందు నేర్చుకున్నావమ్మాయ్. జేబమ్మ టీ తాగాక నేర్చుకుంది. గుండీల వదిన ఫోనులో చార్జింగ్ లేదు, ఆమెకి రేపు చెప్పిస్తా."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"మేడమే. పాఠం అయ్యాక 'నేర్చుకున్నాను' అని వస్తుంది, అక్కడ నొక్కమంది. నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది. ఇంతమందిని చదివించలేక చస్తున్నా, తల్లీ."

మేడమ్ అంటే శ్రామికుల బాగోగులు చూడటానికి జీతం తీసుకునే ఆమె. మిషన్ల చప్పుడు పడదని మేడ మీద గదిలోంచే బాగోగులు చూస్తుంది. మర్నాడు భోజనం మానుకుని పిన్ని మేడెక్కింది.

"మేడమ్, నేను నేర్చుకోలేదు. ఆ పాఠాలు మళ్లీ మొదటినుంచీ వచ్చేలా చెయ్యండి. అయిపోయాయని చెప్పి తెరుచుకోవట్లేదు."

"సర్టిఫికెట్ వచ్చేసిందిగా, ఇంకేం కావాలమ్మా?"

"పని రావాలి మేడమ్."

మేడమ్ జాలిగా నవ్వింది. "నేర్చుకోలేదని రాసే వీలు అందులో లేదమ్మా. ఒకసారి నేర్చుకుంటే నేర్చుకున్నట్టే."

రానిదాన్ని రానిదిగా ఉండనివ్వని చదువు అది. శాంపిల్ గదికి పరీక్ష పెడుతున్నామని ఆ వారమే చెప్పారు. పిన్నికి మిగిలిన గురువు ఒక్కడే. ఒకే పాఠాన్ని ఫ్యాక్టరీలో ఉన్న ఆడవాళ్లందరి తరఫునా చూసి చూసి, తాతకు అది కంఠతా వచ్చేసింది. భోజనాల వేళ గేటు దగ్గర సిమెంటు నేల మీద సుద్దముక్కతో భుజం, చంక, మెడ గీసి చూపించేవాడు.

"కాలరమ్మ కాలేజీలో చేరిందర్రా!" అని జేబమ్మ అందరికీ వినపడేలా అరిచింది.

"నువ్వూ రావే, ఫీజు లేదు."

"నాకెందుకమ్మా, నేను టీ తాగాక పాసైపోయాగా!"

పరీక్షకు ఇద్దరే వచ్చారు. పిన్ని, సూపర్‌వైజరు మరదలు. మరదలు తలనొప్పి అని కత్తెర ముట్టుకోలేదు. పిన్ని తాత గీసిన గీతల్నే తలచుకుంటూ కొలిచింది, కత్తిరించింది, కుట్టింది. మాస్టారు ఆ చొక్కాను బొమ్మకు తొడిగారు. గుండీలు కాజాల దాకా రాలేదు. ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని వేసిన కాలరు మెడ చుట్టూ తిరగలేదు.

"కుట్టులోకి పోయే బట్ట వదల్లేదేమ్మా?" అన్నారు మాస్టారు. "ఎవరు నేర్పారు నీకు?"

పిన్ని తల దించుకుని గేటు వైపు చూపించింది. కత్తిరించిన ముక్కలే చేతికొచ్చే మనిషికి ఆ వదలడం సంగతి ఎలా తెలుస్తుంది? సాయంత్రం తాత గిలగిల్లాడాడు. "చప్పుడు వస్తే సూపర్‌వైజరు తిడతాడని ఫోను నోరు మూయించి చూశానమ్మాయ్. చూపించింది చూశా. చెప్పింది నాకెలా తెలుస్తుంది?"

ఫలితాల్లో ఇద్దరూ పాస్. పని రాదని రాస్తే సర్టిఫికెట్లు అబద్ధమవుతాయి కదా. ఇద్దరూ అర్హులే కాబట్టి ఒకరిని ఎంచమని సూపర్‌వైజరునే అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించినట్టు నటించి, మరదల్ని ఎంచాడు. న్యాయం సర్టిఫికెట్ మీదుగా ఊరంతా తిరిగి ఆయన గుమ్మంలోకే వచ్చి కూర్చుంది.

మర్నాడు పిన్ని ఫోను ఇంట్లో పెట్టి పనికి వెళ్లింది. ఆ పాఠాలు ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే తెరుచుకుంటాయి. తరవాతి విడత మొదలైంది. 'పనిచోట మీ హక్కులు' అట. కాలరమ్మ అర ఖాళీగా ఉందని తాత పైకి చెప్పాడు. మేడమ్ మొదటిసారి మిషన్ల మధ్యకు దిగింది, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"నీ ఫోనేదమ్మా?"

"ఇంట్లో ఉంది మేడమ్. చదివీ చదివీ అలిసిపోయింది, నాలుగు రోజులు పడుకోమన్నాను."

ముందు జేబమ్మ పగలబడి నవ్వింది. మర్నాడు జేబమ్మ ఫోనుకు జ్వరం వచ్చింది. గుండీల వదిన ఫోను పుట్టింటికి వెళ్లింది. వారం తిరిగేసరికి తాత ఖాళీ అరల ముందు కూర్చుని బొటనవేలికి నూనె రాసుకుంటున్నాడు. ఎంతమంది నేర్చుకున్నారని పైనుంచి అధికారులు అడిగే రోజు దగ్గరపడింది. మేడమ్ గొంతు మెత్తబడింది.

"ఏం కావాలి నీకు?"

"రోజూ ఆ పాఠాలకని ఇచ్చిన కాసేపు మాకివ్వండి మేడమ్. ఫోను నేను పట్టుకొస్తా, నేనే చూస్తా. నా కుట్టు పాఠం మూసేశారు కాబట్టి, అది మాస్టారి దగ్గర నేర్చుకుంటా."

మాస్టారు కూడా గట్టిగా అడిగారు. మరదలి తలనొప్పి ఇంకా తగ్గలేదు మరి. ఇప్పుడు రోజూ కాసేపు పిన్ని అద్దాల తలుపు వెనక కూర్చుంటుంది. వీపు ఆనే కుర్చీ మరదలిది, పిన్నికి స్టూలు. అయితే రికార్డుల ప్రకారం ఆ పని ఆమెకు ముందే వచ్చు, వచ్చిన పనిని నేర్పడానికి పథకంలో చోటు లేదు. అందుకని ఆ సమయాన్ని మేడమ్ 'మిషను మరమ్మతు' కింద రాస్తోంది.

సాయంత్రం గేటు దగ్గర తాత ఆపుతాడు.

"అమ్మాయ్, ఆ పాఠంలో పిల్ల భుజం గీసి, పక్కన వేలు పెట్టి ఏదో చెప్తుందే, ఏమంటుంది?"

"మాస్టారు చెప్పిందే అయ్యుంటుంది తాతా, ఇక్కడ రెండు వేళ్ల బట్ట వదలండి అని."

"అంత అసలు మాట చెప్తుంటేనా నేను నోరు మూయించింది, పాపం!" అంటాడు తాత.