హెబ్రోను పాడిన సొరకాయ

రెబెక్కమ్మ కుడి భుజం మీద అరచెయ్యంత మేర చర్మం నల్లగా కాయ కాసి ఉండేది. అది కావడి బద్ద పెట్టిన గుర్తు. బోగోలుకు తూర్పున, సముద్రం హోరు వినబడే ఇసక నేలలో, ఆమె తల్లి మగ్దలీనమ్మ తవ్వుకున్న దొరువు ఒకటి ఉండేది. దొరువంటే బావి కాదు; మనిషి లోతు తవ్వితే చాలు తియ్యటి నీళ్ళు ఊరే ఇసక గుంట. దాని చుట్టూ వంగ, మిరప, తోటకూర, పందిళ్ళ మీద సొర, పొట్ల. పొద్దునా సాయంత్రం కావడితో నీళ్ళు మోసి మొక్కమొక్కకీ పోయకపోతే ఆ ఇసక అన్నిటినీ మాడ్చి పారేస్తుంది. మగ్దలీనమ్మ కన్ను మూసేముందు తోటను కూతురి పేర రాయించింది. అల్లుడి పేర రాయించలేదు. ఆ తల్లి ఎంత ముందుచూపు గలదో ఊరికి తర్వాతగానీ తెలియలేదు.

అల్లుడు హెబ్రోను మొదట్లో మంచివాడే. ఆ మాట ఒప్పుకోవాలి. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం చెరో కావడీ పట్టి, నవ్వుకుంటూ నీళ్ళు మోసేవాళ్ళు. నయాపైసలు వచ్చిన రోజుల్లో అతను కాలవ ఒడ్డున సర్వికట్టెల అడితిలో గుమాస్తాగా కుదిరాడు. అక్కడ చెడింది వ్యవహారం. అడితి యజమాని పేరు సమాధానం; సర్వి, అంటే సరుగుడు తోపులు కొట్టించి, పడవలకెత్తి మద్రాసు పంపేవాడు. ఆయనకు టెరిలీన్ చొక్కాలు, చేతికి గడియారం, ఇంట్లో రేడియో. ఆదివారం ప్రార్థనకు గుడిలో జనమంతా చాపల మీద కూర్చుంటే ఆయనకు ముందు వరసలో కుర్చీ. హెబ్రోను కళ్ళు ఆ కుర్చీ మీద పడ్డాయి. ఇహ చూడండి!

జనం ఆయన్ని "సమాధానం గారూ" అంటారు, ఇతన్ని "ఒరే హెబ్రోనూ" అంటారు. ఆ "గారు" కోసం ఈ మనిషి పడిన యాతన ఇంతా అంతా కాదు. రెబెక్కమ్మ పెంచుకున్న మేకల్ని అమ్మి టెరిలీన్ చొక్కా కుట్టించాడు. ఆమె చెవి కమ్మలు అమ్మి గడియారం కొన్నాడు. ఎవరూ అడక్కపోయినా టైము చెప్పేవాడు. కావడి ముట్టుకోవడం మానేశాడు. చొక్కా నలుగుతుందట! పెళ్ళాం భుజం కాయ కాస్తే మాత్రం ఏమీ కాదు గాబోలు.

"ఏందయ్యా ఇది? నా కమ్మలు మింగిన గడియారం మనకేమన్నా కూడు పెడతాదా?" అని ఆమె ఒకసారి కడిగేసింది.

"నీకేం తెలుసు మే! నలుగురిలో తిరిగే మొగోణ్ణి. ఆ మాత్రం ఉండాల్నా వద్దా?" అన్నాడు హెబ్రోను.

పోనీలే, తోటుంది గదా అనుకుందామె. మేకలు పోయినా, కమ్మలు పోయినా తోట ఉంటే పొయ్యి వెలుగుతుంది. ఆ ఒక్క ధీమాతోనే అన్నీ దిగమింగుకుంది.

ఆ ఊరి క్రైస్తవులకు ఏటా కోత పండగ ఉంటుంది. తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట పెడతారు. కోడిపెట్టయినా గుమ్మడికాయైనా, ఎక్కువ పాడినవాళ్ళకు ఇస్తారు. డబ్బు గుడికి పోతుంది. దేవుడి ముందు పాడిన పాట వెనక్కి తీసుకోవడం మహాపాపం. ఉన్నవాళ్ళు ఉన్నంతలో, లేనివాళ్ళు లేనంతలో పాడుకునే ముచ్చట అది. అలాంటి మంచి ఆచారాన్ని డబ్బున్నవాళ్ళు తమ గొప్ప చూపించుకునే సంత చేసి పెట్టారు!

చైనా యుద్ధానికి ముందు ఏడాది రెబెక్కమ్మ తన పందిరి మీది సొరకాయ ఒకటి తెచ్చి పెట్టింది. దానికి సమాధానం వేళాకోళంగా పది రూపాయలన్నాడు. వెంటనే చాప మీంచి హెబ్రోను లేచి ఇరవై అన్నాడు. తన ఇంటి సొరకాయ! తెల్లారితే తన కంచంలో కూరయ్యేది! జనం నవ్వారు. ఆ నవ్వు అతనికి చప్పట్లలా వినబడింది. ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయి, కాయ ధర వందలు దాటింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న రెబెక్కమ్మ కూర్చోమని మొగుడికి చేత్తో సైగ చేసింది.

"అంత డబ్బు యాణ్ణించి తెస్తావబ్బయా?" అన్నాడు సమాధానం, కుర్చీలో వెనక్కి వాలి.

"దొరువు తోట ఉండాది గదా నాకు! దాన్నే గుడికి రాసిస్తా!" అన్నాడు హెబ్రోను.

సమాధానం చేతులు జోడించాడు. "ఇంక నా వల్ల కాదు. హెబ్రోను గారిదే పాట."

గారు! ఆ రెండక్షరాలు చెవిన పడగానే హెబ్రోను మొహం దివిటీలా వెలిగింది. రెబెక్కమ్మ లేచి అరవబోయింది గానీ అప్పటికే అందరూ స్తుతిగీతం ఎత్తుకున్నారు. సర్వి నారు పెంచడానికి ఆ తియ్యటి నీళ్ళ దొరువు కావాలని సమాధానం ఆమెను అంతకుముందే అడిగి, కాదనిపించుకున్నవాడు. గుడికి తోటెందుకు? కౌలుకిస్తుంది. ఎవరికిస్తుందో వేరే చెప్పాలా?

ఆ వారమంతా ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. మొగుడి పరువు తియ్యొద్దన్నారు, దేవుడి సొమ్ము అడ్డుకోవద్దన్నారు. మేకలమ్మినప్పుడు, కమ్మలు తీసినప్పుడు వీళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. "తోట పోతే రేపట్నించి ఏం తింటాం?" అని ఆమె మొగుణ్ణి అడిగింది. "నాకు గుళ్ళో కుర్చీ ఏస్తామన్నారు మే" అన్నాడతను. అదీ జవాబు!

ఆదివారం నాడు స్టాంపు కాగితం గుడికే తెచ్చారు. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి, హెబ్రోను గారి ఉదార హృదయం కోసం పొడుగాటి ప్రార్థన చేశారు. గుడంతా "ఆమేన్" అంది. తోట రెబెక్కమ్మ పేర ఉంది గనక ఆమె వేలిముద్రకు సిరా డబ్బీ ముందుకు జరిపారు.

రెబెక్కమ్మ వేళ్ళు ముడుచుకుంది.

"అయ్యగారూ, నేను ఆమేన్ అనలేదు."

"దేవుడికిస్తానన్నది ఇయ్యకపోతే పాపం గదమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఇస్తానన్నది నేనా? నన్నడిగినారా? మా అమ్మ చేతుల్తో తవ్విన దొరువయ్యా అది! నా భుజం చూడండి, ఎట్టుందో! పాడింది ఆయన నోరు. మొయ్యాల్సింది ఆయన భుజం. నీళ్ళు మోసి, కాసినకాడికి కావలి సంతకు మోసుకుపొయ్యి, అమ్మి, తిండికి పోను మిగిలింది తెచ్చి గుడికి కట్టమనండి. దేవుడికి ఎగనామం పెట్టమని నేను చెప్పడంలా. సమాధానం గారికి నా తోట కట్టబెట్టమంటే మాత్రం పెట్టను!"

ఆ పేరు బయటికొచ్చేసరికి పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాగితం మడిచేసి, పాట డబ్బు ఆమె చెప్పినట్టే హెబ్రోను తీర్చాలన్నారు. మర్నాడే సమాధానం హెబ్రోనును అడితిలోంచి వెళ్ళగొట్టాడు. మొన్నటి "గారు" ఎగిరిపోయింది. "పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోలేనోడివి, నా లెక్కలేం రాస్తావురా?" అన్నాడు. చూశారా, తోట దక్కనప్పుడు ఆ పెద్దమనిషి నోటి వెంట వచ్చే మాట!

హెబ్రోను మూడు రోజులు ముసుగుతన్ని పడుకున్నాడు. రెబెక్కమ్మ పలకరించలేదు, అన్నం మాత్రం పెట్టింది. నాలుగోనాడు తొలికోడి కూయకముందే లేచి, చప్పుడు చెయ్యకుండా తోటకు పోయాడు. ఎవరూ లేవకముందే నీళ్ళు మోసేసి ఇంటికొచ్చి పడుకుంటే ఊరికి తెలియదని అతని ఎత్తు. తీరా చూస్తే కావడి బద్ద మీద రెబెక్కమ్మ కూర్చుని ఉంది.

"లే మే. తెల్లారిపోతాది" అన్నాడు గుసగుసగా.

"తెల్లారనీ."

"జనం చూస్తారు మే... సిగ్గు పోతాది."

ఆమె కదల్లేదు. తూర్పున సముద్రం మీద ఎర్రబడింది. బాట మీద సంతకు పోయే ఆడవాళ్ళ మాటలు, కాలవకు పోయే కూలీల దగ్గులు వినబడ్డాయి. అప్పుడు లేచి కావడి అతని భుజానికి ఎత్తింది.

"పదిమందిలో పట్టపగలు పాడినావు గదయ్యా, చీకట్లో పాడలా" అంది. "పగలే మొయ్యి."