సైదాబీ మెహర్ పొలం

యాకూబ్ పోయిన డెబ్భయ్యో రోజు పొద్దున సైదాబీ నల్ల బురఖా వేసుకుని గడప దాటింది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టునే ఉండాలి. దాన్ని ఇద్దత్ అంటారు. అది తీరడానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఎదురింటి కొమురమ్మ వాకిలి ఊడుస్తున్నదల్లా చీపురు ఆపింది.

"ఏందే సైదాబీ, బయటికి రావొద్దంటిరి గదా."

"పని లేకుండ రావొద్దు. పనుంటే పొయ్యి, పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలె. మసీదుల అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ ఇంటామెను అడిగే పోతున్న."

"గంత పనేమొచ్చె?"

"నా వడ్లు కల్లం మీదున్నయి. నేను లేకుండ పంచుతున్నరట."

పొలం రెండెకరాలు, సాగర్ ఎడమ కాలువ కింద. అది యాకూబ్ ఆస్తి కాదు, సైదాబీ మెహర్. పెళ్లినాడు ఆమెకు ఇస్తానన్న సొమ్మును, ఆ మెహర్‌ను, యాకూబ్ పన్నెండేళ్లు మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసి, పొలంగా కొని, ఆమె పేరున రాయించాడు. కాగితాలు ఆమె ఒడిలో పెట్టి, "ఇగ నేను నీకు బాకీ లేను, జర నవ్వు" అన్నాడు. ఆమె నవ్వలేదు, ఏడ్చింది. పిల్లలు లేని ఇంట్లో ఆ పొలమే మాటల్లో మెదిలేది.

సొంత భూమి రాకముందు యాకూబ్ పరాయి పొలం కౌలుకు చేశాడు. ఎకరాకు పన్నెండు బస్తాలు, పంట వచ్చినా రాకున్నా. కాలువ ఎండిన ఏడు ఆ బస్తాలు బజారులో కొని మరీ కట్టాడు. తర్వాత మసీదులో విన్నాడు, పండకముందే నాకిన్ని బస్తాలు అని భూమిగలవాడు కోరకూడదు, పంటలో ఇంత పాలు అని కోరవచ్చు అని. అందుకే తమ పొలాన్ని తండాకు చెందిన భద్రుకు సగం పాలుకు ఇచ్చారు. విత్తనం చెరిసగం, చాకిరీ భద్రుది, పంట చెరిసగం. ఏడేళ్లుగా అదే నడిచింది.

ఈ ఏడు వినాయక చవితి దాటిన తర్వాత యాకూబ్‌కు ఛాతీలో నొప్పి వచ్చింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. ఆ తర్వాత తుఫాను వాన కురిసి, గింజ గట్టిపడుతున్న వరి నేలకొరిగింది. అరవై బస్తాలు రావలసిన చోట ముప్పై రెండే వచ్చాయి. నిన్న సాయంత్రం భద్రు భార్య సీతాబాయి వచ్చి గుమ్మం అవతలే కూర్చుంది. యాకూబ్ తమ్ముడు మదార్ ఇరవై నాలుగు బస్తాలు తీస్తానంటున్నాడని చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది.

సైదాబీ కల్లానికి చేరేసరికి పట్టాల మీద ఆరిన వడ్లు బస్తాలకెత్తి ఉన్నాయి. మదార్ బస్తాలు లెక్కపెడుతున్నాడు. భద్రు దూరంగా గట్టు మీద తల వంచుకుని ఉన్నాడు.

మదార్ ఆమెను చూసి కంగారుపడ్డాడు. "భాభీ, ఇద్దత్‌ల ఉండి గీడికెందుకొచ్చినవ్? నలుగురు ఏమనుకుంటరు? నీ కోసమే గదా నేను కొట్లాడుతున్న."

"నా కోసం ఎవరితోని?"

"వీనితోనే. ఊరంత ఎకరానికి పన్నెండు బస్తాలే. వాన పడ్డది, పంట పొయిందంటే భూమోళ్లేం చేస్తరు?"

"భద్రుకు ఎనిమిది మిగులుతయి. నలుగురు పిల్లలతోని ఎనిమిది బస్తాలు ఎన్ని నెలలు తింటడు?"

"అది వాని పరేషాన్. అన్నంటే ఒక ఫకీరు మనిషి. నువ్వు కూడ గట్లనే చేస్తే అడుక్కతింటవ్."

"ఆయన పొయిండు గని పొలం పోలేదు మదార్. పొలం నాది. ముప్పై రెండుల పదహారు నాయి, పదహారు భద్రుయి. వాన ఇద్దరి మీద పడ్డది."

మదార్ సంచి కింద పడేశాడు. కోపంలో అతను దాచుకున్న మాట బయటపడింది.

"సగం పంచుకో, ఇదే ఆఖరు. ఈ వచ్చే యాసంగి పంటకు పొలం కోదాడ కృష్ణమూర్తికి కౌలుకిచ్చిన. పదిహేను వేలు అడ్వాన్సు తీసుకున్న. అన్న చాలీసా ఎట్లయిందనుకున్నవ్? మూడొందల మందికి బిర్యానీ యాడికెళ్లి వచ్చింది?"

సైదాబీ బస్తా అంచు పట్టుకుని నిలబడింది. నలభయ్యో రోజు, చాలీసానాడు, ఆ అన్నం ఆమె స్వయంగా వడ్డించింది. పోయిన మనిషి పేరున ఫాతెహా చదివించి, మొదటి ముద్ద ఫకీరుకు తన చేత్తో పెట్టింది. అదంతా ఇంకా నారు కూడా పోయని పంట మీద తెచ్చిన డబ్బు. భద్రుకు తెలియకుండా, ఆమెకు చెప్పకుండా.

"డబ్బు కౌలు తప్పు కాదు. మౌల్వీ సాబ్‌నే అడుగు" అన్నాడు మదార్, గొంతు తగ్గించి.

"కాకపోవచ్చు. నాదాన్ని నన్ను అడగకుండ ఇచ్చుడు తప్పు కాదా? యాసంగి కూడ నీదేనని ఆయన భద్రుకు చెప్పిండు. చచ్చిపోయినోని మాట తప్పించి, ఆయన పేరు మీదనే దావత్ చేస్తివి."

భద్రును పిలిచి సైదాబీ బస్తాలు రెండు వరసలు చేయించింది. తన వరసలోంచి రెండు బస్తాలు పక్కకు జరిపింది. అది ఉష్ర్, పంటలో బీదల హక్కు. వాన నీటి పంటకు పదో వంతు, ఖర్చు పెట్టి తోడిన నీటికి ఇరవయ్యో వంతు.

"ఇరవయ్యో వంతంటే ఒక్కటే బస్తా చాలు. అది కూడ ఎక్కువే" అన్నాడు మదార్.

"ఈ పంటకు మోటరు ఒక్కనాడు కూడ వెయ్యలే. వాన నీళ్లకు మోటరు లెక్క చెప్పాల్నా?"

"వాన ముంచింది గదనే నిన్ను."

"ముంచింది, పండించింది. రెండు దాని పనే."

భద్రు తన వరసలోంచి కూడా ఒకటి జరపబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది నా మీదున్నది, నీ మీద లేదు. పిల్లలకు తీస్కపో."

మిగిలిన పద్నాలుగు బస్తాల్లో పది భద్రు వెంట కిరాయి ట్రాక్టరులో మిర్యాలగూడ మిల్లుకు వెళ్లాయి. తేమ ఎక్కువని ధర కోశారు. అయినా పదిహేను వేలు వచ్చాయి. మూడో రోజు కృష్ణమూర్తి మదార్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. సైదాబీ తలుపు పరదా వెనక నుంచే మాట్లాడింది. అడ్వాన్సు డబ్బు మదార్ చేత వాపసు ఇప్పించింది.

"ఏమ్మా, తొందరెందుకు? కావాలంటే ఇంకో ఐదు వేలు కలుపుతాను. ఆ భద్రు నీకేం ఇస్తాడు?"

"పండితే ఇస్తడు సార్. పండకుంటే ఇద్దరం పస్తుంటం."

"పస్తుండటానికి కూడా పొత్తు కావాలా నీకు?"

"ఒక్కదాన్నే ఉండుడు కంటె నయం."

కృష్ణమూర్తి నవ్వి లేచాడు. అతనికి పొలాలకు కొదవ లేదు. మదార్ మాత్రం వెళ్తూ వెళ్తూ, తిండిగింజలు అయిపోయాక తన ఇంటికి రావద్దన్నాడు. సైదాబీ రానంది.

ఇంట్లో నాలుగు బస్తాలు ఉన్నాయి. విత్తనానికి చేతిలో రూపాయి లేదు. భద్రు నారుమడి దున్ని వచ్చి, విత్తనం మొత్తం తానే పెడతానన్నాడు.

"అట్లయితే పాలు సగం కాదు. మూడు పాళ్లు చెయ్యి. రెండు నీయి, ఒకటి నాది."

"వదినె, గదేం మాట. యాకూబన్న ఉంటే ఒప్పుకునేటోడా?"

"ఆయనుంటే సగం విత్తనం తెచ్చేటోడు. నాకు దయ చేసినట్టు సగం ఇస్తే నేను తీసుకోను. ఒప్పుకుంటే నారు పొయ్యి, లేకుంటే బీడు పెడత."

మర్నాడు భద్రు విత్తనం బస్తా భుజాన వేసుకొచ్చాడు. తర్వాత నారు పోశాడు.

జనవరి చివర ఇద్దత్ తీరింది. అప్పటికి నాట్లు మొదలయ్యాయి. సైదాబీ చీర ఎగ్గట్టి, తండా ఆడవాళ్ల వరసలో తన పొలంలోకే కూలికి దిగింది. నీళ్లు మోకాలి కిందదాకా చల్లగా ఉన్నాయి. మదార్ మోటారుసైకిల్ గట్టు మీద ఆపాడు.

"సొంత పొలంల కూలి చేస్తున్నవా? ఇజ్జత్ తీసినవ్ భాభీ."

"పొలం నాది, చేసే పని భద్రుది. తన పనికి తనే కూలిస్తడు. ఇందుల నీ ఇజ్జత్ యాడికెళ్లి వచ్చింది?"

ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. మదార్ బండి తిప్పాడు.

సాయంత్రం భద్రు గట్టు మీద చేతులు నలుపుకుంటూ, కూలి పైసలు అంగడినాడు ఇస్తానన్నాడు. ఆడవాళ్లు సరేనని లేవబోయారు. సైదాబీ లేవలేదు.

"చెమట ఆరకముందే ఇయ్యాలె భద్రు. నాకొక్కదానికే కాదు, అందరికి."

"ఇంటి కాడున్నయి వదినె, మళ్ల తండాదాక పోవాలె."

"పొయ్యి తే. మేం గీడనే కూసుంటం."

భద్రు గొణుక్కుంటూ తండా దారి పట్టాడు. పదకొండు మంది ఆడవాళ్లు బురద కాళ్లతో గట్టు మీద వరసగా కూర్చుని అతని కోసం చూశారు.